క్లారీ నోస్కె టోపీ నట్లు

ఏంటమ్మాయ్ టీగన్, ఆ ఫోన్లో అంత మురిపెంగా చూస్తున్నావ్? కుర్రాడి ఫొటోనా? ఏదీ, ఇటు తే, కళ్లజోడు పెట్టుకోనీ. ఓసినీ, నట్లా! బండి ఇంజినుకి పెట్టే షోకు నట్లు. ఎన్ని రకాలే తల్లీ... గుండ్రటివి, మొనదేలినవి, నల్లవి, బంగారు రంగువి, ఇదేంటి, పుర్రె బొమ్మది కూడానా? దీన్నెవడు కొంటాడు? నువ్వే కొంటావా, సరే సరే, నేనేం అన్లేదు. ఇంజిను విప్పి రెండు నెలలైంది, ఇంకా పిస్టన్లు రాలేదు, పైన మెరిసే నట్ల బేరం మాత్రం అప్పుడే మొదలైంది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది నీ యవ్వారం. నన్నడిగితే నేనేం చెప్తానే? నలభై ఏళ్లు సీసం కరిగించే స్మెల్టర్లో ఫిట్టరుగా చేశాను, నట్టంటే బిగించేదని తెలుసు గానీ చూసుకునేదని నాకేం తెలుసు. అది తెలిసినవాడు, ఆస్ట్రేలియా అంతటి సంగతి తెలీదు గానీ, ఈ పోర్ట్ పిరీ ఊరు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. క్లారీ నోస్కె. పేరు విన్లేదూ? నువ్వు పుట్టకముందే పోయాళ్లే. అదిగో, ఆ పచ్చ రేకుల షెడ్డు కనిపిస్తోందే, ఇప్పుడెవరో చేపల వలలు దాచుకుంటున్నారు, అదే వాడి షెడ్డు. షెడ్డంటే షెడ్డు కాదు, చర్చి. లోపలికెళ్లాలంటే బయట బూట్లు విప్పాలి. చర్చిలో కూడా అడగరు అలా.

వాడికి పని రాదని మాత్రం అనుకోకు. చాలామంది అలాగే అనుకుంటారు, అదే నా బాధ. రైల్వే యార్డులో ఫిట్టరు. పగలంతా మోచెయ్యంత బోల్టులు, మసి, గ్రీజు. వాడు బిగించిందంటే బిగించిందే, వాడు బిగించిన పట్టా కదిలిందని ఏ డ్రైవరూ ఎప్పుడూ అనలేదు. అరవై ఎనిమిదిలో కాబోలు, క్రిస్టల్ బ్రూక్ ఊరి అవతల ఒక గోధుమ రైతు చచ్చిపోతే వాళ్ల కొట్టంలో ఒక పాత ఇంగ్లీషు మోటారు సైకిలు దొరికింది. రెండు సిలిండర్లది. ట్యాంకు మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయట. ఒక్క చలికాలంలో దాన్ని లేపి నిలబెట్టాడు. ఒక్క చలికాలం! జూన్లో మొదలుపెట్టి ఆగస్టుకి కిక్కు కొడితే పలికింది. వాడూ నేనూ షెడ్డు ముందు నిలబడి ఆ చప్పుడు వింటూ చెరో సీసా బీరు తాగాం. అక్కడితో ఎక్కి తిరిగేసుంటే ఈ కత ఉండేది కాదు. తాగుతూ తాగుతూ వంగి చూశాడు. "ఒరేయ్ ఆర్నీ, ఈ పై మూత నట్టు చూశావా, తుప్పు పట్టింది, బాగాలేదు కదూ," అన్నాడు. మార్చు అన్నాను. మార్చాడు. కొత్తది తళతళా మెరిసిపోయింది. అది మెరిసేసరికి పక్కనున్నది ముసల్దైపోయింది. దాన్నీ మార్చాడు. ఇంక అంతే, పదకొండేళ్లు.

నవ్వకు, నవ్వకు, నీ మొహం కూడా అదే దారి పట్టింది. ఎక్కడున్నాం? ఆ. ఇంజిను పైన కనిపించే నట్లు ఇరవై రెండు. ఆ ఇరవై రెండింటికి సంబంధాలు వెతికినట్టు వెతికాడమ్మా. బర్మింగ్‌హామ్ నుంచి పొట్లం వచ్చేది, ఒసాకా నుంచి పొట్లం వచ్చేది. అన్నీ టోపీ నట్లే, పైన మూసుకుని బోడిగుండులా ఉంటాయి చూడు, అవి. ఒకటి తెప్పించి వారం రోజులు కిటికీలో పెట్టి చూసేవాడు. "గుండు మరీ గుండ్రంగా ఉందిరా, కప్ప కళ్లలా ఉన్నాయి." పోనీ ఇంకోటి. "మొన తేలిందిరా. జర్మనీ కైజరు సిపాయి టోపీలా ఉంది. నోస్కె అని ఇంటిపేరు పెట్టుకుని ఈ ఊళ్లో అలాంటివి తగిలించుకుని తిరగమంటావా?" అదీ నిజమే అనుకో, వాళ్ల తాతని మొదటి యుద్ధంలో జర్మనోడని తీసుకెళ్లి శిబిరంలో కూచోబెట్టారు. పోనీ మామూలు ఆరు మూలల నట్టు పెట్టరా అంటే, "అది నట్టులా ఉంటుంది," అనేవాడు. ఏం చెప్తావ్ దానికి?

మా పాత బళ్ల సంఘం తక్కువ తిందా? అందులో రెండు పార్టీలు. నట్టుకి క్రోము పూత ఉండాలనే క్రోమువాళ్లు, పూత లేని స్టీలే మేలనే స్టీలువాళ్లు. క్రోమువాళ్లు ఏమో, "మాది అద్దం, మొహం చూసుకోవచ్చు," అనేవాళ్లు. స్టీలువాళ్లు, "మీది సముద్రపు గాలికి రెండేళ్లలో మశూచి పోసినట్టైపోతుంది, మాది మనవళ్లదాకా ఉంటుంది," అనేవాళ్లు. "ఉంటే ఏంటి, కడిగిన చెంచాలా ఉంటుంది," అని వీళ్లు. ఈ ఊళ్లో కాథలిక్కుల పిల్లని లూథరన్ల ఇంటికి ఇచ్చిన రోజులు చూశాను గానీ, క్రోమువాడు స్టీలువాడి పక్కన కూచుని సాసేజీ తినడం నేను చూళ్లేదు. ఆదివారం కూటాలకి రెండు పొయ్యిలు, రెండు బల్లలు. నేనెటా? నేను క్లారీ పక్కన కూచునేవాణ్ణి, అంతే. నాకు బండి కూడా లేదు. అయినా ఓటు వేశాను, క్రోముకే.

ఇంక బెరిల్. బెరిల్ అంటే క్లారీ పెళ్లాం. ఆమె గురించి చెప్పకుండా నట్ల గురించి చెప్తే ఏం లాభం. రైతుబిడ్డ. చిన్నప్పుడు వాళ్లన్న బండి ఎక్కి గోధుమ చేల గట్ల మీద గొర్రెల్ని తోలిన మనిషి. బండి లేచిన రోజు ఆమె గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ, ఒక్కటే అడిగింది: "క్లారీ, దీని మీద నన్ను జర్మీన్ తీసుకెళ్తావా? జెట్టీ చివర కూచుని పీతలు తినొద్దాం." పోర్ట్ జర్మీనంటే ఎంత దూరమే, పదిహేను మైళ్లు. మా ఇంటి మేకైనా నడిచెళ్లొస్తుంది. వాడన్నాడు, "ఎందుకు తీసుకెళ్లనూ, ఈ నట్లు నాలుగూ పెట్టేసి వెళ్దాం." ఆమె సరేనంది. మరుసటేడు అడిగితే, "సంఘంవాళ్ల పాత బళ్ల ప్రదర్శన అయిపోనీ." ఆ తరవాతేడు, "ఎండకి పొగ గొట్టాలు నీలంగా మారతాయే, చలికాలం రానీ." చలికాలం వస్తే, "రోడ్డంతా బురద." వసంతంలో అడిగితే, "ఈగలు. ఈగలు గుద్దుకుని చస్తే వాటి రసం క్రోముని తినేస్తుంది, తెలుసా నీకు?" అన్నాడు. ఈగల రసం! పెళ్లాంతో అనే మాటేనా అది? ఆ బండి వాడి షెడ్డులోంచి బయటికి రావడమంటే ఏడాదికోసారి, మార్చిలో, దుప్పట్లు చుట్టి ట్రెయిలర్ మీద ప్రదర్శన మైదానం గేటుదాకా. బండి నడుస్తుందని నిరూపించాలని సంఘంవాళ్ల రూలు కదా, గేటు దగ్గర దింపి, కిక్కు కొట్టి, యాభై గజాలు తోలి, బల్ల ముందు ఆపి, మళ్లీ దుప్పటి. పదకొండేళ్లకి అది తిరిగిన దూరం లెక్కేస్తే చర్చిదాకా కూడా రాదు.

ఆ మనిషి ఓర్పు చెప్పాలంటే... బెరిల్ కప్పు కేకులు కాల్చుకునే రేకు పళ్లెం ఉండేది, పన్నెండు గుంటలది. అది షెడ్డుకెళ్లిపోయింది, గుంటకో నట్టు, కింద పట్టుగుడ్డ. ఆమె పెళ్లినాటి జాకెట్టు గుడ్డట అది. పళ్లు తోముకునే బ్రష్షులు ఇంట్లో నిలిచేవి కావు, నట్లు తోమడానికి పోయేవి. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చి మా ఆవిడతో అంది, "ఈ పూట నా నోరు గ్రీజు వాసనేస్తోంది, ఏవనుకోకు." ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వింది కదా అని మేవంతా నవ్వేవాళ్లం. ఆమె కళ్లు నవ్వాయా లేదా అని ఎవడు చూశాడు.

ఏంటీ? బహుమతి వచ్చిందా అనా? అక్కడికే వస్తున్నా. హోరేస్ పాస్కో అని ఒకడుండేవాడు, సంఘానికి జడ్జీ. పోస్టాఫీసులో స్టాంపులు కొట్టి కొట్టి రిటైరైనవాడు. తెల్ల చేతి తొడుగులు, పళ్ల డాక్టరు అద్దం ఒకటి, చిన్న టార్చిలైటు. ఇంజిను కిందికి ఆ అద్దం దూర్చి, "ఊఁ... ఊఁ..." అంటుంటే నిలబడ్డవాళ్లందరికీ పళ్లు జివ్వుమనేవి. డెబ్భై ఎనిమిదిలో క్లారీకి మొదటి బహుమతి ఖాయమనుకున్నాం. పాస్కో అద్దం తీశాడు, పుస్తకం తీశాడు, అర మార్కు కొట్టేశాడు. "మిస్టర్ నోస్కె, వెనక ఎడంవైపు నట్టు మూల మిగతావాటితో కలవడం లేదు." అర్థమైందా? టోపీ కింద ఆరు మూలలుంటాయి కదా, ఇరవై రెండు నట్ల మూలలూ ఒకే దిక్కు చూడాలట, కవాతులో సిపాయిల్లాగ. ఒకటి పక్కచూపు చూసిందట. అర మార్కుతో ఒక స్టీలువాడు గెలిచాడు. స్టీలువాడు! క్లారీ ఆ రాత్రి అన్నం ముట్టలేదని బెరిల్ చెప్పింది.

ఇప్పుడు చెప్పేది కొంచెం చెవిపెట్టి విను, నీ ఇంజినుకి కూడా పనికొస్తుంది. ఇంజిన్లోంచి పైకి లేచిన మరల కడ్డీ ఉంటుందే, స్టడ్డంటాం, దానికి మామూలు నట్టైతే అటునుంచి ఇటు దూరిపోతుంది, ఎంత కావాలంటే అంత కిందికి దిగుతుంది. టోపీ నట్టు అలా కాదు, దానికి పైకప్పుంది. కడ్డీ పొడుగైతే కడ్డీ చివర పోయి ఆ కప్పుకి తగిలి ఆగిపోతుంది. పానా పట్టుకున్న చెయ్యి, ఆహా బిగిసింది అనుకుంటుంది. కింద మూత మాత్రం పట్టులో ఉండదు. చూట్టానికి బిగువు, లోపల వదులు. పై పటారం, లోన లొటారం. దీనికి మందు చిన్నపిల్లాడిక్కూడా తెలుసు, కింద రెండు వాషర్లు వెయ్యాలి, లేదా కడ్డీ కాస్త కొయ్యాలి. క్లారీకి తెలీదా? రైల్వే ఫిట్టరుకి తెలీదా! నేనే అన్నాను, "ఒరేయ్, ఇవి బిగవలేదురా, ఆగిపోయాయంతే. వాషర్లు వెయ్యి." వాడు నా వంక ఎలా చూశాడనుకున్నావ్? "వాషర్లా? పెళ్లికూతురి గౌను కింద గొర్రెల బొచ్చు కత్తిరించేవాడి బూట్లు తొడిగినట్టుంటుంది." పోనీ కడ్డీ కొయ్యి. "అసలు కడ్డీలురా అవి, ఫ్యాక్టరీలో పుట్టినవి, కోస్తే పాస్కో ఊరుకుంటాడా?" దానికి తోడు మూలల గోల. మూలలన్నీ ఒకే దిక్కు చూడ్డానికి ఒకదాన్ని కాస్త ముందుకి, ఇంకోదాన్ని కాస్త వెనక్కి తిప్పాడు. వెనక్కంటే వదులు చెయ్యడమేగా! "యాభై గజాలకి ఏం కాదులేరా," అన్నాడు. యాభై గజాలకి ఏం కాదు, నిజమే.

సరే, డెబ్భై తొమ్మిది మార్చి. ఆదివారం ప్రదర్శన, ఇది జరిగింది శనివారం పొద్దున. ముందు రోజు రాత్రి బెరిల్ అడిగిందట, "సోమవారం నీకు సెలవే. ప్రదర్శన అయిపోతుంది కదా, వెళ్దామా జర్మీన్?" వీడేమన్నాడంటే, "ఇక్కడ గెలిస్తే అడిలైడ్ ప్రదర్శనకి పిలుస్తారే, అది కూడా కానీ," అన్నాడు. ఆమె గిన్నెలు కడుక్కుని పడుకుందట. పొద్దున్నే వీడు మా ఇంటికొచ్చాడు. నా వంటింటి బల్ల మీద రెండు నట్లు పెట్టాడు, దీపం వేశాడు, కర్టెన్ లాగాడు. "ఆర్నీ, నీ కళ్లు నమ్ముతాను. వెనక ఎడంవైపుకి ఇదా, ఇదా?" రెండూ ఒకటే తల్లీ! మా ఆవిడ అటునుంచి చూసి, "కవల పిల్లల్లో ఏది అందంగా ఉందంటే ఏం చెప్తాం," అని వెళ్లిపోయింది. నేను మాత్రం కూచున్నాను, భూతద్దం తెచ్చుకుని మరీ కూచున్నాను. అప్పుడు వీధిలో ఒక బండి వెళ్లింది. మంచి గంభీరంగా, గుండెలో కొట్టినట్టు. క్లారీ తలెత్తాడు. "అబ్బ, విన్నావా? ఎవడిదో గానీ ఏం పలికింది! అదీ ఇంజినంటే. ఎవడో గాని అదృష్టవంతుడు," అన్నాడు. మళ్లీ నట్టు మీదికి వంగాడు. వాడి బండే అమ్మాయ్ అది! వాడి సొంత బండి! యాభై గజాలకి మించి ఎప్పుడైనా వినుంటే కదా గుర్తుపట్టడానికి.

పది నిమిషాల తరవాత ఇంటికెళ్లి, మళ్లీ పరిగెత్తుకుంటూ వచ్చాడు, కాళ్లకి బూట్లు లేకుండా. షెడ్డు తలుపులు బార్లా తీసున్నాయి, దుప్పటి చక్కగా మడతపెట్టి స్టూలు మీదుంది. ఆ పాత బండికి తాళం చెవీ ఏం లేదు, కిక్కు కొడితే చాలు. బెరిల్! యాభై రెండేళ్ల మనిషి, గౌను మీద వీడి రైల్వే కోటు తొడుక్కుని, తలకి రుమాలు కట్టుకుని, మెయిన్ రోడ్డు మీద పోతుంటే చూసినవాళ్లు చెప్పారు, రాణీలా పోయిందట. బేకరీ వాడికి చెయ్యూపిందట కూడా. నేను నా పికప్పు తీశాను. "ఎక్కడికెళ్లుంటుందిరా?" అన్నాడు వీడు. ఇదిగో ఇలాంటప్పుడే మనిషిని తన్నాలనిపిస్తుంది. పదకొండేళ్లుగా ఆమె అడిగింది ఒక్క ఊరు. "జర్మీన్‌రా వెధవా," అన్నాను.

ఊరు దాటి రైలు పట్టాలు దాటామో లేదో, తారు రోడ్డు పక్కన తళుక్కుమంది. "ఆపు ఆపు!" దిగాడు. టోపీ నట్టు. ఊదాడు, చొక్కాకి తుడిచాడు, ఎండలో తిప్పి చూశాడు, "గీత కూడా పడలేదురా," అన్నాడు. అరమైలు వెళ్లాక ఇంకోటి. కాస్త ముందుకెళ్లి ఆగడం, దిగి నడవడం, వెతకడం, మళ్లీ ఎక్కడం. రోడ్డుకి అటూ ఇటూ ఉప్పు పొదలు, ఎండ, ఈగలు, ఆ ఈగల రసం గురించి మాత్రం ఎవడూ ఎత్తలేదు. ఊళ్లో ఎలా చెప్పుకుంటారంటే, క్లారీ పిచ్చివాడిలా పాకుతుంటే నేను వద్దురా పోదాం పదరా అని బతిమాలుకున్నానంటారు. అలాగే అనుకోనీ... కానీ నీకు నిజం చెప్తా. మొదటి మూడూ వాడు చూశాడు. నాలుగోది నేను చూశాను. చూడగానే నాకొక ఆనందం వచ్చింది అమ్మాయ్, ఏం చెప్పను, ఈస్టర్ పండగ పూట గుడ్లు దాచి వెతికిస్తామే పిల్లల చేత, అలాంటిది. అక్కణ్ణుంచి నా టోపీ తీసి అందులో వేశాను. నాకు బండి లేదు, ఏమీ లేదు, కానీ ఇరవై రెండూ దొరకాలని పట్టుదల వచ్చేసింది. పదిహేను మైళ్ల రోడ్డు. దారిలో వాడే ఒకసారి అన్నాడు, "చాలురా, ముందు పోదాం." నేనే అన్నాను, "ఇంకొక్కటి ఉండుంటుంది ఇక్కడే." మూడున్నర గంటలు పట్టింది. నడిచినా ఇంచుమించు అదే టైముకి చేరేవాళ్లం.

జర్మీన్ ఇంకో రెండు మైళ్లుందనగా కనిపించింది. జెట్టీ కూడా కనిపిస్తోంది అక్కణ్ణుంచి, సన్నగా, నీళ్లలోకి గీత గీసినట్టు. బండి పక్కకి ఆపి ఉంది, పై మూత లేచిపోయి, నూనె ఇంజిను నిండా, చక్రం నిండా. ఆమె రోడ్డు పక్కన రాయి మీద కూచునుంది, ఒక బూటు విప్పి. మరిగే నూనె కాలి మీద పడింది కదా, మోకాలి కింద ఎర్రగా, బుడగలెక్కి ఉంది. తరవాత తెలిసిందేంటంటే, మూడు కార్లు ఆగాయట ఆమె కోసం. ఒకడు నర్సుని కూడా ఎక్కించుకుని ఉన్నాడట. అందరినీ పంపేసింది. "వద్దు బాబూ, మా ఆయన వెనకే వస్తున్నాడు," అని చెప్పిందట. మూడుసార్లు చెప్పింది ఆ మాట, మూడున్నర గంటల్లో.

అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న. పబ్బులో ఇప్పటికీ అడుగుతారు, ఎవడి బీరు గ్లాసు ఖాళీ అయినా సరే: "ఒకటి తగ్గింది బెరిల్, ఎక్కడ పడిందో చూశావా?" అని. అందరూ పగలబడి నవ్వుతారు. క్లారీ కాలు కాలిన పెళ్లాన్ని పట్టుకుని నట్టెక్కడా అని అడిగాడట, కత అలా స్థిరపడిపోయింది. ఆమె ఏం అరవలేదు, ఏడవలేదు. "వెతుక్కోండి, తొందరేం లేదు," అంది. మెల్లిగా బూటు తొడుక్కుంది. అంతలో పీతలమ్మేవాడి వ్యాను వచ్చింది అటువైపు. చెయ్యెత్తి ఆపింది, ఎక్కింది, వెళ్లిపోయింది. ఆ సాయంత్రం జర్మీన్ నుంచి బస్సెక్కి అడిలైడ్‌లో వాళ్లక్క ఇంటికి. మళ్లీ ఈ ఊరు రాలేదు. క్లారీ రెండుసార్లు వెళ్లాడు. టీ ఇచ్చింది, కేకు పెట్టింది. "నాకు కోపం లేదు క్లారీ. కానీ ఇంక ఆ ఇంట్లో కూచుని ఎదురుచూళ్లేను," అందట. మూడోసారి వాడు వెళ్లలేదు. బండిని వయాలా ఊరి నుంచి వచ్చినవాడెవడికో ఇచ్చేశాడు.

నవ్వొచ్చే కతే కదూ? నేను కూడా చాలాసార్లు చెప్పాను పబ్బులో, గొంతు మార్చి మరీ. వాడు అదే బల్ల దగ్గర కూచునుండగా చెప్పాను. పందొమ్మిదేళ్లు బతికాడు ఆ తరవాత. ఎవరెలా చెప్పినా గ్లాసు మీంచి నా వంక ఒక్కసారి చూసి, అందరితోపాటు నవ్వేవాడు.

అడిగింది వాడు కాదే.

వాడు పికప్పు ఆగకముందే దూకాడు. వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. కాలు చూశాడు. "బెరిల్," అన్నాడు, ఇంకేదో అనబోయాడు, నోరు తెరిచాడు. అలాంటి మొహం వాడికి నేనెప్పుడూ చూళ్లేదు. నేనా? నేను బండి దగ్గరున్నాను. టోపీ చేత్తో పట్టుకుని ఇంజిను మీద ఎన్ని మిగిలాయో లెక్కపెడుతున్నాను. ఏడు. టోపీలో పద్నాలుగు. తలెత్తి అడిగేశాను, "ఒకటి తగ్గింది బెరిల్, ఎక్కడ పడిందో చూశావా?" అని. ఎంత మామూలుగా అడిగానో! అడగ్గానే వాడి కళ్లు ఆమె మొహం మీంచి జారి పక్కన పొదల్లోకి పోయాయి. ఒక్క క్షణమే. పదకొండేళ్ల అలవాటు, వాడి చేతుల్లో లేదది. వెంటనే తిరిగొచ్చాయి. కానీ ఆమె చూసింది. నేను నోరు మూసుకునుంటే వాడి కళ్లు కదిలేవి కావు. వాడు ఏం చెప్పబోయాడో అది చెప్పుండేవాడు. ఏం చెప్పబోయాడని నేనెప్పుడూ అడగలేదు, పందొమ్మిదేళ్లలో. అడిగింది నేనేనని వాడూ ఎవరికీ...

ఆ కిటికీ వెయ్యమ్మా. ఉత్తరపు గాలి లేచింది, ఇల్లంతా దుమ్మే.